గ్రీను మీద గుళికలు

తెల్లవారుతూనే వేపపుల్ల నోట్లో పెట్టుకుని పెరట్లోకి వచ్చిన బంగారయ్యకు, చదునుగా కత్తిరించిన గడ్డి మీద ఒక గోరింక వెల్లకిలా పడి కనిపించింది. కాళ్లు రెండూ ముడుచుకుని ఉన్నాయి. ముక్కు తెరుచుకుని ఉంది. దానికి రెండడుగుల దూరంలో ఇంకొకటి.

వేపపుల్ల నోట్లోంచి జారిపోయింది. డెబ్బై రెండేళ్లు వచ్చినవాడు, చచ్చిన పిట్టల్ని చూడకపోలేదు. కానీ వీటి సంగతి వేరు. అవి ఎందుకు చచ్చాయో ఆ ఇంట్లో ఆయనొక్కడికే తెలుసు.

చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, రెంటినీ తుండుగుడ్డతో ఎత్తి అరటి మొక్కల అవతల గొయ్యి తీసి పాతేశాడు. మట్టి కప్పుతుంటే వంటింటి తలుపు కిర్రుమంది.

"ఏటి మావయ్యా, పొద్దున్నే తవ్వుతన్నారు?" అంది కోడలు గంగాభవాని.

"ఏటీ లేదమ్మా. అరటి పిలక సూత్తన్నాను."

అబద్ధం నోటికి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆయనకే అర్థం కాలేదు.

ఆ గడ్డి సంగతి చెప్పాలి. అనకాపల్లి దాటి కశింకోట వైపు వెళ్లే దారిలో ఉంది వాళ్ల ఇల్లు. కొడుకు దేవీప్రసాద్ విశాఖపట్నంలో ఒక గోల్ఫ్ క్లబ్బులో మైదానం చూసుకునే సూపర్‌వైజరు. సెలవు రోజుల్లో తండ్రి వెంట వెళ్లి వెళ్లి కూతురు నూకరత్నానికి ఆ ఆట పట్టుబడింది. ఎంతగా పట్టుబడిందంటే, పదహారేళ్లకే రాష్ట్ర జట్టు ఎంపికకు పిలుపు వచ్చింది. బంతిని దూరం కొట్టడంలో ఆ పిల్లకు తిరుగులేదు. చివర్లో మెల్లగా దొర్లించి గుంటలో వేయాలి చూడండి, అక్కడే తడబడుతుంది. క్లబ్బులో ఉద్యోగుల పిల్లలను వారానికి ఒక్క సోమవారమే ఆడనిస్తారు. ఒక్క రోజుతో అది చేతికి వస్తుందా? అందుకని దేవీప్రసాద్ పెరట్లోనే గ్రీను వేస్తానన్నాడు. గ్రీనంటే ఆ బంతి దొర్లించే చోటు. ఇసుక మీద పెంచి, గోరు ఎత్తున ఉంచే గడ్డి.

బంగారయ్య విత్తనపు చెరకు దాచుకునే చోటది. ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. "బతుకంతా గడ్డి పీకడంతోనే సరిపోయింది నాకు. ఇప్పుడు నా పెరట్లోనే గడ్డి పెంచుతావేటిరా? ఆ గడ్డి ఎలగ బతుకుద్దో నేనూ సూత్తాను!" అన్నాడు. ఆ మాట వీధి వీధంతా విన్నారు.

కొడుకు ఆగలేదు. అడుగు లోతు తవ్వి, గులకరాళ్లు పోసి, పైన ఇసుక పరిచి, చెక్కతో చదును చేసి, క్లబ్బువాళ్లు పారేసే గడ్డి పిలకలు గోనెసంచుల్లో తెచ్చి నాటాడు. మూడు నెలల పాటు పెద్దాయన అటు మొహం పెట్టలేదు. నాలుగో నెల నుంచి మాత్రం సాయంత్రం పూట కుర్చీ అటు తిప్పి వేసుకునేవాడు. రత్నం చెప్పులు విప్పి గడ్డి మీద నిలబడేది. బంతి ఉన్న చోట గుర్తుకి ఒక రెండు రూపాయల బిళ్ల పెట్టేది. కొట్టేముందు ఆ బిళ్ల తీసి పెదాల మధ్య పట్టుకుని, ఊపిరి బిగబట్టి కర్ర కదిపేది. బంతి గుంటలో పడితే ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వుకునేవాడు. గడ్డి నచ్చిందని మాత్రం నోరు తెరిచి చెప్పలేదు. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆ వంశంలోనే లేదు.

ఎంపికకు పది రోజులుందనగా గడ్డి మచ్చలు మచ్చలుగా పండిపోయింది. పట్టుకు లాగితే వేరుతో సహా ఊడి వచ్చేస్తోంది. రత్నం ఆ మచ్చల దగ్గర కూర్చుని ఏడ్చింది. దేవీప్రసాద్‌కు క్లబ్బులో పోటీల హడావుడి. ఆదివారం చూస్తానన్నాడు. ఎవరూ లేనప్పుడు బంగారయ్య వెళ్లి ఇసుక కెలికితే తెల్లటి పురుగు వంకర తిరిగి బయటపడింది. వేరుపురుగు. యాభై ఏళ్లుగా ఆయన చెరకును కొరికినదే. దాని మందు ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

చెరకుకు తెచ్చిన పురుగుమందు గుళికల పొట్లం ఒకటి పాకలో మిగిలి ఉంది. నిజానికి అది ఇంట్లో ఉండకూడదు. రెండేళ్ల కిందట గుళికలు వేసిన చేలో గడ్డి మేసి దూడ చచ్చిపోతే, ఇంకెప్పుడూ ఆ పొట్లం గుమ్మం తొక్కనివ్వనని కొడుకు అందరి ముందూ ఆయన చేత ఒట్టు వేయించుకున్నాడు. కానీ పిల్ల ఏడుపు కళ్లముందు ఆడుతుంటే ఒట్టు గుర్తొస్తుందా? రత్నం శిక్షణ కోసం విశాఖలో మేనత్త ఇంటికి వెళ్లింది, ఆదివారం సాయంత్రానికి గానీ రాదు. శుక్రవారం మధ్యాహ్నం కోడలు కునుకు తీస్తుండగా, చెరకు చాళ్లలో చల్లినట్టే గుప్పిళ్లతో చల్లి నీళ్లు పెట్టాడు.

అక్కడే పొరపాటు జరిగింది. చెరకు చేలో గుళికలు వేశాక పైన మట్టి ఎగదోస్తారు. ఆపైన చాలా రోజులు ఎవరూ ఆ చాలులో కాలు పెట్టరు. ఇక్కడ ఎగదోయడానికి మట్టి ఏది? తడిసిన గుళికలు ఇసుక పైనే ఊదారంగు గింజల్లా పరుచుకున్నాయి. గోరింకలు గింజలనుకునే తిన్నాయి.

ఇవాళ శనివారం. సాయంత్రంలోగా అన్నీ ఏరేసి, పై ఇసుక గీకేస్తే ఎవరికీ తెలియదని గుండె చిక్కబట్టుకుని, కోడలు పెరటి పని ముగించేదాకా ఆగి, బంగారయ్య వంగేసరికి, వీధిలో ఆటో ఆగింది.

"అమ్మా! వచ్చేసేను!"

రత్నం గొంతు.

"ఏటే రత్తం, రేపు కదా రావడం?" అన్నాడు ఎదురెళ్లి.

"కోచ్ సార్‌కి జ్వరం తాతా. ఇంటికాడే సెయ్యమన్నారు ప్రాక్టీసు. రోజుకి వంద బంతులు!" అంటూ సంచి అరుగు మీద పడేసింది.

"ఇయ్యాళ ఒద్దమ్మా. పావు తిరుగుతంది పెరట్లో. ఇందాకే సూసేను. ఇంతుంది."

పామనగానే గంగాభవాని గుండె పట్టుకుంది. దేవీప్రసాద్ డ్యూటీకి తయారవుతున్నవాడల్లా కర్ర పట్టుకుని పెరటి గోడవార, అరటి మొక్కల్లో, నీళ్ల తొట్టి వెనక అంతా వెతికాడు. పది నిమిషాలైంది. బల్లి కూడా కనపడలేదు.

"ఎక్కడ నాన్నా పావు?"

"ఎల్లిపోయినట్టుందిరా. అయినా ఇయ్యాళ ఆ గడ్డి తొక్కకండి. అమావాస్య."

"అమావాస్య ఎల్లి మూడ్రోజులైంది మావయ్యా," అంది గంగాభవాని నవ్వు ఆపుకుంటూ.

దేవీప్రసాద్‌కు నవ్వు రాలేదు. "నాన్నా, నీకా గ్రీనంటే మొదట్నించీ పడదు. సరే. ఎంపిక నెత్తి మీదుంటే పిల్లనెందుకు బెదరగొడతావు?" అని విసురుగా లోపలికి వెళ్లిపోయాడు.

బంగారయ్య నోరు తెరిచాడు. 'గుళికలు ఏసేన్రా' అన్న రెండు మాటలు. అంతే. అవి గొంతు దాకా వచ్చి ఆగిపోయాయి. చెబితే వాడికి మొదట గుర్తొచ్చేది, వీధంతా విన్న ఆ మాటే. ఆ తర్వాత ఒట్టు. ఆ తర్వాత దూడ. తాను కావాలనే చేశానని కొడుకు అనుకుంటాడు. కోడలు అనుకుంటుంది. ఆ పిల్ల కూడా అనుకుంటే తాను ఇక ఆ ఇంట్లో ఎలా ఉండగలడు?

రత్నానికి ఆట కర్రే లేకపోతే ఎలా ఆడుతుంది అని తోచింది. ఎలాగైనా దాచేద్దామని గబగబా హాల్లోకి వెళ్లాడు. కర్ర పెట్టే మూల ఖాళీగా ఉంది. పెరట్లోంచి టక్కుమని బంతి చప్పుడు వినిపించింది.

పరుగెత్తాడు. రత్నం అప్పటికే గడ్డి మీద ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు. పెదాల మధ్య బిళ్ల ఉంది.

"తియ్యవే! నోట్లో బిళ్ల తియ్యి!"

"అబ్బ, గురి తప్పించేసేవు తాతా!" అని నవ్వి, వెళ్లి బంతి పక్కన బిళ్ల పెట్టింది. తీసి మళ్లీ పెదాల మధ్య పెట్టుకుంది. బంతి పోయింది. మళ్లీ తడి గడ్డి మీద పెట్టింది. మళ్లీ తీసింది. ఆ చెయ్యి గడ్డికీ నోటికీ మధ్య తిరుగుతున్నంతసేపూ ఆయన ఒంట్లో ప్రాణం లేదు. "దిగిపోయే అమ్మా, నీకు దణ్ణమెడతాను దిగిపో," అన్నాడు. రోజూ ఏదో ఒకటి అంటూనే ఉండే తాతే కదా అని ఆ పిల్ల చెవిన పెట్టలేదు.

ఆయన గోడవారనున్న పార అందుకున్నాడు. గ్రీను మధ్యలోకి వెళ్లి, బలంకొద్దీ దించాడు. ఒక పట్టు గడ్డి లేచి పడింది. ఇంకొకటి. ఇంకొకటి.

"నాన్నా! తాత గ్రీను తవ్వేత్తన్నాడు!"

దేవీప్రసాద్ చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా పరుగెత్తుకొచ్చి పార పట్టుకున్నాడు. "మతి పోయిందేటి నీకు?"

"వదల్రా. ఇది తీసెయ్యాల. మొత్తం తీసెయ్యాల."

"ఆ గడ్డి ఎలగ బతుకుద్దో సూత్తానన్నావు. అన్నంత పనీ సేసేవు! నాలుగు నెలలు రెక్కలు ముక్కలు సేసుకున్నాను దీనికోసం. అది నీ మనవరాలు కాదా? దాని ఏడుపు సూడాలని ఉందా నీకు?"

బంగారయ్య చేతుల్లో పట్టు సడలింది. రత్నం కర్ర అక్కడే పడేసి, రెండు చేతులతో కళ్లు తుడుచుకుంటూ లోపలికి పరుగెత్తింది.

"రత్తం! సేతులు కడుక్కో! సబ్బెట్టి కడుక్కోయే, కాళ్లు కూడా!" అని వెనకనుంచి అరిచాడాయన.

అంత గొడవలో సబ్బు మాట పిచ్చి మాటలాగే వినిపించింది అందరికీ. దేవీప్రసాద్ పార తీసుకెళ్లి మేడమెట్ల కింది గదిలో పెట్టి తాళం వేశాడు. అలిగిన కూతురిని వదిలి వెళ్లలేక క్లబ్బుకి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పాడు. పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని, వట్టి చేతులతో ఊదా గింజల్ని ఏరి గోనెసంచిలో వేయడం మొదలుపెట్టాడు. పోనీలే, పిల్ల గడ్డి దిగింది, కొన్ని బంతులే కదా ఆడింది అనుకున్నాడు. అనుకుంటూనే ఇంకా గబగబా ఏరాడు.

అరగంట కాలేదు. లోపలినుంచి గంగాభవాని కేక వినిపించింది.

"ఏమండీ! పిల్లకేటో అవుతంది!"

రత్నం స్నానాలగది గుమ్మంలో కూలబడి వాంతి చేసుకుంటోంది. ఒళ్లంతా చెమటతో తడిసిపోయింది. నోటివెంట చొంగ ఆగడం లేదు. చేతి కండరాలు వాటంతటవే అదురుతున్నాయి. "కడుపు నొప్పమ్మా, సరిగ్గా కనబడట్లేదమ్మా," అంటోంది.

పక్కింటి తాతబ్బాయి ఆటో తీశాడు. తల్లి ఒళ్లో తల, తండ్రి ఒళ్లో కాళ్లు పెట్టి పిల్లను పడుకోబెట్టారు. బంగారయ్య ఒక్క పరుగున పాకలోకి వెళ్లి వచ్చి, డ్రైవరు పక్కన అంచుమీద కూర్చున్నాడు. ఆయన ఒకరు రమ్మంటే వచ్చాడా, వద్దన్నా వచ్చాడా అని ఎవరూ పట్టించుకోలేదు. దారిపొడుగునా గంగాభవాని ఇలవేల్పు నూకాలమ్మను పిలుస్తూనే ఉంది.

అనకాపల్లి ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది. మంచం దగ్గర నిలబడి గబగబా అడిగింది.

"పొద్దున్న ఏం తింది?"

"బస్టాండు కాడ ఇడ్లీ తిన్నానందండి," అంది గంగాభవాని.

"ఎండలో తిరిగిందా?"

"పెరట్లో ఆడింది కాసేపు."

"తిండి పడకపోయి ఉంటుంది. సెలైన్ పెట్టి చూద్దాం."

గుమ్మంలో నిలబడ్డ బంగారయ్య ఆ మాట విన్నాడు. మంచం మీద పిల్ల కళ్లు సగం తెరిచి ఉన్నాయి. కంటిపాపలు సూదిమొనంత అయిపోయాయి. అలాంటి కళ్లు ఆయన ఇంతకుముందు ఒకసారి చూశాడు. ముప్పై ఏళ్ల కిందట, చెరకు చేలో పొద్దుటినుంచి వట్టి చేతులతో గుళికలు చల్లిన ఎర్రయ్య ఇలాగే చొంగ కార్చుకుంటూ పడిపోయాడు. ఎండదెబ్బ అన్నారు. మజ్జిగ తాగించారు. సాయంత్రానికి ఎర్రయ్య లేడు.

ఇంకాసేపు ఊరుకుంటే తనను ఎవరూ ఏమీ అనరు. నెపం ఇడ్లీ మీద పోతుంది. ఆ ఆలోచన మనసులోకి రాగానే ఆయన తనను తాను చీదరించుకుని, గుమ్మం దాటి మంచం దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, డాక్టరమ్మా," అన్నాడు. "తిండి కాదమ్మా. గుళికలు. గడ్డిలో గుళికలేసేను నేను. అది ఆ గడ్డి మీద బిళ్ల నోట్లో ఎట్టుకుంది."

అందరూ ఆయన వైపు తిరిగారు.

"ఏ గుళికలు? పేరు తెలుసా?"

ఆయన నడుముకు కట్టుకున్న తుండు విప్పి, చిరిగిన పొట్లం తీసి ఇచ్చాడు. డాక్టరమ్మ చదివింది. నర్సును పిలిచి ఏదో ఇంజక్షన్ పేరు చెప్పి, పిల్ల బట్టలు మార్చమని, ఒళ్లంతా సబ్బుతో కడగమని, మిగిలినవాళ్లని బయటికి పొమ్మని అరిచింది.

వరండాలోకి రాగానే దేవీప్రసాద్ తండ్రి చొక్కా పట్టుకున్నాడు. "కావాలనే సేసేవా? గడ్డి సావాలని ఏసేవా? నా కూతుర్ని సంపుకుంటావా నాన్నా?"

బంగారయ్య విడిపించుకోలేదు. కళ్లు దించుకుని నిలబడ్డాడు. పొద్దుటినుంచి ఆయన ఏ మాటకు భయపడ్డాడో అదే మాట పడింది. పడ్డాక అదంత పెద్దదిగా అనిపించలేదు. లోపల పిల్ల ఊపిరి మీదే ఉంది ఆయన ధ్యాసంతా.

గంగాభవాని వచ్చి మొగుడి చెయ్యి తీసేసింది. ఆమె మొహం పాలిపోయి ఉంది. మావగారి ఎదురుగా నిలబడి అడిగింది.

"మావయ్యా, మీరెందుకేసేరు?"

ఆ రోజు మొత్తంలో ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే.

"పురుగట్టిందమ్మా వేరుకి," అన్నాడాయన, చిన్నపిల్లాడిలా. "రత్తం ఏడిసింది కదా ఆ మచ్చలకాడ. దాని గడ్డి బతకాలని ఏసేను. రేపు గానీ రాదనుకున్నాను. సెరుక్కేసినట్టే ఏసేనమ్మా, నాకు అదే తెలుసు. పొద్దున్న పిట్టలు సచ్చిపోతే అప్పుడు తెలిసింది. సెప్పడానికి నోరు రాలేదు."

ఆమె ఏడుస్తూ గోడకు చేరగిలబడింది. తిట్టలేదు. ఓదార్చనూ లేదు. ఆమెకు ఆ క్షణంలో రెండూ చేతకాలేదు.

గంటలు గడిచాయి. నర్సు లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ముగ్గురూ లేచి నిలబడేవారు. ఎండ వరండా సగం దాకా వచ్చి వెనక్కి పోయింది. మూడింటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది.

"ఇంజక్షన్లకి పలికింది. చొంగ ఆగింది, ఊపిరి బాగుంది. రెండు రోజులు ఇక్కడే ఉండాలి. ప్రాణభయం లేదు." ఆగి, పెద్దాయన వైపు చూసింది. "మీరు ఇంకాసేపు చెప్పకుండా ఉంటే నేను సెలైన్ ఎక్కిస్తూ కూర్చునేదాన్ని."

గంగాభవాని నేలమీదే కూలబడి దణ్ణం పెట్టింది. దేవీప్రసాద్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. బంగారయ్య మాత్రం కదలలేదు. డాక్టరమ్మకు అనుమానం వచ్చి దగ్గరకు వెళ్లింది.

"మీరేంటి ఇలా వణుకుతున్నారు? ఆ మందు మళ్లీ ముట్టుకున్నారా?"

"ఏరేనమ్మా. పిల్ల మళ్లీ ఎక్కడ తొక్కేత్తదోనని."

"చేతులతోనా? కడుక్కోలేదా?" ఆమె ఆయన కంటిరెప్ప ఎత్తి చూసి, కొడుకు వైపు తిరిగింది. "ఈయన్ని కూడా చేర్చుకోవాలి. ముందు ఆ కుళాయి దగ్గరికి తీసుకెళ్లి చేతులు బాగా కడగండి. గోళ్లలో మిగలకూడదు."

దేవీప్రసాద్ తండ్రి భుజం చుట్టూ చెయ్యి వేసి కుళాయి దగ్గరికి నడిపించాడు. ఆ చేతులు చూశాడు. గోళ్ల సందుల్లో ఊదారంగు ఇంకా ఉంది. పొద్దుటినుంచి ఆ విషం ఒంటిమీద పెట్టుకుని, తన చేత తిట్లు తిని, పిల్లను కాపాడి, బెంచీ మీద ఇంతసేపు కూర్చున్నాడు ఈ మనిషి. వణుకుతున్నాడని తనకు కనపడనే లేదు.

"పావన్నావు. అమావాస్యన్నావు. దణ్ణమెట్టేవు కూడా," అన్నాడు సబ్బు రాస్తూ. "నీ మొకం ఒకపాలి సరిగ్గా సూసుంటే తెలిసేది నాకు. సూడలేదు నాన్నా."

"సెప్పాల్సింది నేన్రా. నీకు కోపమొత్తాదని..." మాట పూర్తి చేయలేదు.

"నేనంటే భయమేటి నీకు?"

బంగారయ్య రెండో చెయ్యి కూడా నీళ్ల కిందికి చాపాడు. "భయమేరా," అన్నాడు మెల్లగా. "ఇప్పుడు కాదు, సాన్నాళ్లనించీ."

దేవీప్రసాద్‌కు కళ్లనీళ్లు వచ్చాయి. తుడుచుకుందామన్నా చేతులకు నురగ ఉంది, అలాగే కారనిచ్చాడు. తండ్రి చేతుల్ని కళ్లకు అద్దుకోవాలనిపించింది. ఇంకా విషం ఉందేమోనని ఆగాడు. మళ్లీ సబ్బు తీసుకుని, ఒక్కో వేలూ విడదీసి పట్టుకుని, మొదటినుంచి కడగడం మొదలుపెట్టాడు.